రాళ్లు పేర్చిన గూడు

తులియర పట్నం నుంచి వచ్చే ఐసు బండి డ్రైవరు పోయినసారే తెగేసి చెప్పాడు. ఈసారి కూడా పెట్టె నిండకపోతే ఇక మా ఊరి వైపు రాడు. బండి రాకపోతే నేను కొన్న ఆక్టోపస్‌లు ఒడ్డునే కుళ్లిపోతాయి. అందుకే ఆ రోజు సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు నేనూ నాకు ఆక్టోపస్‌లు పట్టి అమ్మే సువాజరా వెంట పగడపు దిబ్బ మీదికి నడిచాను.

వాళ్లమ్మ ఆమెకు ఆరు ఆక్టోపస్ గూళ్లు చూపించి పోయింది. గూట్లో ఉన్నదాన్ని పట్టుకుంటే పదిహేను రోజుల్లో మరొకటి వచ్చి చేరేది. ఏడాదికి గూటికి ఇరవై నాలుగు. ఇప్పుడు ఐదు గూళ్ల మీద పగడం చచ్చి తెల్లబడింది, లోపల ఖాళీ. ఆరోదాని ముందు రాళ్లు పేర్చి ఉన్నాయి. అంటే తల్లి వాటిని అడ్డం పెట్టుకుని లోపల గుడ్లు కాస్తోంది. అలాంటి గూటిని సముద్రం మీదే బతికే మా వెజో ఆడవాళ్లు ముట్టరు.

సువాజరా ఊచ భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికే? పెట్టెకి ఒక్కటే తక్కువ."

"రాళ్లు కనబడట్లేదా అక్కా? త్రాసు తప్ప నీ కళ్లకి ఇంకేం ఆనదా?"

"పిల్లలు బయటపడగానే అది ఎలాగూ చస్తుంది. చచ్చాక నువ్వూ తినవు, నేనూ కొనను. తల చూడు, ఎంతుందో."

"తలే ఉంది. గుడ్లు పెట్టాక అది ముద్ద ముట్టదు."

"బండి రాకపోతే మనకీ ముద్ద ఉండదు."

ఆమె మళ్లీ గూటి వైపు తిరిగి, ఊచ లోపలికి దించింది.

వేరేవైతే ఊచను చుట్టుకుని బయటికి వస్తాయి. ఇది చేతులతో నెట్టేసింది. చివరికి పగడం పగలగొట్టాల్సి వచ్చింది. గూటి పైకప్పు ఊడిపడింది. దానికి కుచ్చులుగా వేలాడుతున్న గుడ్లు బియ్యపు గింజల్లా చెదిరిపోయాయి. చిన్న చేపలు గుంపుగా మూగాయి.

ఒడ్డున డ్రైవరు ఆ తల్లి ఆక్టోపస్‌ను ఎత్తి బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది.

"ఏంటి వదినా, తడిగుడ్డ తెచ్చావు?"

"పెద్దదేగా బాబూ."

"పెద్దదే. తూకమేది?"

దాన్ని ఇసుకలో పడేసి, మిగిలినవి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పదిహేను రోజులకు సముద్రం మళ్లీ వెనక్కి తీసింది. సువాజరా ఆరో గూటి దగ్గర వంగి, విరిగిన ముక్కలు ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. కెరటం వచ్చి లాగేస్తోంది.

"ఇంకోటి వచ్చి చేరుతుందంటావా?" అంది.

"చేరదు," అన్నాను.

ఆమె ఇంకో ముక్క ఏరింది.