సాయంత్రం బిగిసే మట్టెలు

‘నార్మల్’ అన్న మాట వింటే చాలు, పోచమ్మకు ఒళ్లు మండిపోయేది.

రఘునాథపల్లి బడిలో పన్నెండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతున్న మనిషి ఆమె. అంత పెద్ద అన్నం గుండిగను ఎవరి సాయమూ లేకుండా పొయ్యి మీంచి దించేది. ఇప్పుడు బియ్యం కడిగేలోపే ఆయాసంతో మూడుసార్లు కూలబడుతోంది. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొనే కునుకు తీస్తోంది. మనిషి మొదటినుంచీ భారీ. ఇంకేం, ఊరికి వేరే కారణం వెతికే పని లేకపోయింది.

“పిల్లల గుడ్లన్ని తినే గట్ల బలిసింది,” అని బడి గేటు దగ్గర ఎవరో అన్నారు. పోచమ్మ ఆ పూట గంటె విసిరికొట్టి ఏడ్చింది.

రెండు నెలల కింద మొగుడు భిక్షపతి ఆమెను జనగామలో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. గుండె అలసిపోతే రక్తంలో పెరిగే పదార్థం ఒకటి ఉంటుందట, దాన్ని పరీక్ష చేశారు. అంకె, జబ్బుందని చెప్పే గీత దాటలేదు. “గుండె నార్మల్. బరువు తగ్గాలె,” అని అక్కడి డాక్టరు ఆమె కాళ్ల వైపు చూడకుండానే చీటీ రాసిచ్చాడు.

ఆ రిపోర్టును భిక్షపతి దేవుడి పటంలా దాచుకున్నాడు. రోజూ పొద్దున్నే బడి మైదానం చుట్టూ ఆమెను నడిపించడం మొదలుపెట్టాడు. ఆమె రొప్పుతూ ఆగితే, “రిపోర్టు నార్మలొచ్చింది గదనే! నీది జబ్బు గాదు, బద్దకం. ఇంకో రౌండు నడు,” అనేవాడు. చెడ్డవాడేం కాదు. కాగితాన్ని నమ్మాడు, పెళ్లాన్ని నమ్మడం మరిచాడు.

ఇంతలో మట్టెల గొడవ వచ్చిపడింది. సాయంత్రమయ్యేసరికి అవి వేళ్లలోకి దిగబడి ప్రాణం తోడేస్తున్నాయి. మొగుడు బతికుండగా మట్టెలు తీయడమేమిటని భిక్షపతి కస్సుమన్నాడు. అతని మాట వినకుండా ఆమె బడి అయ్యాక, మట్టెలు కత్తిరించి తీయించుకుందామని కంసాలి పని చేసే అవుసుల గణపతి దగ్గరికి వెళ్లింది. వేళ్లు ఎంత ఉబ్బాయంటే కత్తెర మొన కూడా దూరలేదు. పొద్దున రమ్మన్నాడు. తెల్లారి వెళితే అవే మట్టెలు వేళ్లకు వదులుగా తిరుగుతున్నాయి.

గణపతి కత్తెర కింద పెట్టాడు.

“గిదేంది చెల్లె? కొవ్వైతే పొద్దుగాల ఏడికి వోతది? మల్ల పొద్దుమీకి ఎట్లొస్తది? నలభై ఏండ్ల సంది కాళ్లు జూస్తున్న. గిది ఒళ్లు గాదు, నీరు.”

ఒళ్లు చేసిందని ఊరంతా అంటుంటే, నీరు పట్టిందన్నవాడు ఆయనొక్కడే. ఆ ఒక్క మాట పట్టుకొని పోచమ్మ మొగుణ్ని మళ్లీ జనగామకు లాక్కుపోయింది, ఈసారి సుమ అనే వేరే డాక్టరు దగ్గరికి.

భిక్షపతి ముందుగా తన కాగితం బల్ల మీద పెట్టాడు. సుమ దాన్ని చదివి పక్కన పెట్టి, పోచమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. గుండెకు స్కాన్ తీస్తే, నెత్తురు తోసే బలం సగానికి పడిపోయి ఉంది.

“మరి నార్మలని రాసున్నది గద, మేడం?” అన్నాడు భిక్షపతి.

“లావున్నోళ్ల రక్తంల ఈ అంకె తక్కువనే వస్తది. అందరికి ఒక్కటే గీత పెట్టి కొలిస్తే జబ్బు కనవడదు. కాగితం ఒక్కటే గాదు, మనిషిని గూడ జూడాలె. మందులతోని నీరు దిగుతది, ఆయాసం తగ్గుతది. అప్పటిదాంక ఆ రౌండ్లు బంద్.”

పోచమ్మ పకపకా నవ్వింది. గుండె జబ్బని విని అలా నవ్విన మనిషిని సుమ ఎన్నడూ చూడలేదు.

“అంటే నాది బద్దకం గాదన్నట్టే గదా, డాక్టరమ్మా? గా ముక్క జర కాగితం మీద రాసియ్యుండ్రి.”

మందుల చీటీ వెనక ఆ మాట రాయించుకొని, మొగుడి చేతిలో పెట్టి చదవమంది. భిక్షపతి తల దించుకొని గొణిగినట్టు చదివాడు.

“గట్టిగ,” అంది పోచమ్మ. “ఇంకో రౌండు.”