రాత్రికి రాత్రి వీధికుక్క

పిక్కలో దిగిన పళ్ళకన్నా పెద్ద ప్రమాదం తెల్లారాక బయటపడింది: టైలరమ్మను కరిచిన కుక్కకు రాత్రికి రాత్రే యజమాని లేకుండా పోయాడు.

లాయరుగారి గేటుకు నిన్నటిదాకా వేలాడిన "కుక్క ఉంది జాగ్రత్త" బోర్డు లేదు. మేకుల రంధ్రాలు మాత్రం మిగిలాయి. మెడపట్టీ ఊడిన తెల్ల బొచ్చుకుక్క మెట్ల మీద షాంపూ వాసన కొడుతూ పడుకుంది.

"ఇది మీది కాదా?" టైలరమ్మ నోరెళ్ళబెట్టింది.

"వీధికుక్కమ్మా! జాలిపడి నీడనిస్తున్నా, అంతే" అన్నాడు లాయరు. కుక్కకాటు నష్టపరిహారం కేసుల్లో ఆయనది పెట్టింది పేరు. "యజమాని ఉంటే అతని మెడలు వంచుతాం. లేడు కాబట్టి మున్సిపాలిటీ మెడలు వంచుతాం. నీ హక్కు నీకుంది. వచ్చినదాంట్లో సగం నాకిద్దువుగాని."

"కరిపించుకున్నదానికి సగం, కరిపించినాయనకి సగమా?" అనబోయి టైలరమ్మ తమాయించుకుంది. కుట్టుమిషన్ తొక్కే కాలది. అది ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మందులూ సూదులూ ఎవరో ఒకరు భరించాలి. ఈయన ఎంతదూరం పోతాడో చూద్దామని తలూపింది.

ఫిర్యాదు లాయరే రాశాడు. రాయడమంటే అలా ఇలా కాదు. ఆ కుక్క పులికి పినతండ్రి, దిక్కూ మొక్కూ లేనిది, వీధికి పట్టిన శని. కాగితం ఏళ్ళ తరబడి బల్లల మీద కునుకు తీస్తుందని ఆయన ధీమా. ఆయన ఖర్మ కాలి, ఎన్నడూ కదలని మున్సిపల్ బండి ఆ సాయంత్రమే కదిలింది.

మర్నాడు ఆఫీసు పెరట్లో, ఇనపబోనులో బొచ్చుకుక్క. బోను పక్కన చెమటలు కక్కుతూ లాయరు.

"కరిచింది ఇదేనా?" ఆఫీసరు అడిగాడు.

"ఇదేనండి" అంది టైలరమ్మ.

"లాయరుగారూ, దీనికి యజమాని లేడని సంతకం పెట్టారు. ఖాయమేగా?"

"ఖా... ఖాయమే. కాకపోతే, పాపం, వదిలేస్తే..."

"పులికి పినతండ్రిని వదిలెయ్యమంటారా? రోగం లేదని తేలేదాకా మా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ఎవరైనా పెంచుకుంటామంటే ఇచ్చేస్తాం."

లాయరు నోరు తెరిచేలోపు టైలరమ్మ కుంటుకుంటూ ముందుకొచ్చింది. "నాకివ్వండి."

"నిన్ను కరిచినదాన్నే పెంచుకుంటావా తల్లీ?"

"నోరులేని జీవం, దానికేం తెలుసండీ? మా కొట్టు గుమ్మానికి కట్టేసుకుంటా. ఆ బొచ్చు కత్తిరిస్తే రెండు దిళ్ళవుతాయి."

లాయరు ఫోను మోగింది. ఇంటావిడ గొంతు ఆఫీసంతా వినపడింది. "బుజ్జిదాన్ని తెస్తున్నారా లేదా? అది లేకుండా వస్తే మీ పక్క వీధిలోనే!"

"బుజ్జిదెవరండీ?" ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన టైలరమ్మ చేతికి పెన్ను అందించాడు. "దత్తత కాగితం మీద సంతకం చెయ్యమ్మా. రోగం లేదని తేలగానే తీసుకెళ్దువుగాని."

లాయరు ఆ పెన్ను లాక్కున్నాడు.

"ఆగు తల్లీ, ఆగు! అది నా కుక్కే. పాలపీకతో పెంచాను. బోర్డు పీకింది నేనే, మెడపట్టీ పరుపు కింద దాచిందీ నేనే. గేటు గొళ్ళెం వెయ్యనిదీ నేనేనండీ ఆఫీసరుగారూ. కుక్క కరిస్తే ఎవరి మీద కేసు వెయ్యాలో ఫోన్లో ఎవరికో చెబుతూ మర్చిపోయాను. ఈమె మందులూ, మిషన్ ఆగినన్నాళ్ళ కూలీ, అన్నీ నేనే కట్టుకుంటా. ఈ కేసుకి ఫీజు కూడా అడగను!"