మెరక మాది

వరద తీసిన మర్నాడు దుర్గ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పాకలో పేరుకున్న ఒండ్రును పారతో తట్టలోకి ఎత్తుతోంది. ఆ ఇంట్లో ఒండ్రును బయట పారెయ్యరు. పాక నిలబడిన మెరకకి అంచులు ఎక్కడ కోసుకుపోయాయో చూసి, అక్కడ పోసి, కాళ్ళతో తొక్కి, పైన పేడతో అలుకుతారు. ఈ పద్ధతి దుర్గకి అత్తగారు వీరమ్మ నేర్పింది. వీరమ్మకి ఆవిడ అత్తగారు ముత్యాలు నేర్పింది. నేర్పడమంటే పెద్ద పాఠాలేం కాదు. కొత్తకోడలి చేతికి తట్ట ఇచ్చి, "గోదారి తెచ్చింది పోనీకమ్మా, పైకెయ్యి" అనడమే.

బయట కొబ్బరిచెట్ల కింద దుర్గ మొగుడు దొరబాబు రామ్మూర్తి మేస్త్రికి పాక చరిత్ర చెబుతున్నాడు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరికి ఈ కథ చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు.

"ఈ లంక గోదాట్లోంచి లేచినప్పుడు ఇక్కడ నరమానవుడు లేడండి. మా తాత కుమారసోమి నావేసుకుని వచ్చి, రెల్లు నరికి, పాకేసేడు. లంకలో మొట్టమొదటి పాక. అదే ఇది."

లోపల దుర్గకి నవ్వొచ్చింది. తాత వేసిన పుల్ల ఒక్కటి ఇందులో మిగిలుంటే ఒట్టు. ఆకు రెండేళ్ళకోసారి మారుతుంది. వాసాలకి చెద పట్టింది. నిట్రాళ్ళు తీసేసి మావగారు సిమెంటు స్తంభాలు వేయించాడు. కొత్త ఆకు కప్పి పాక నేసిన రోజు మాత్రం ఇంట్లో పండగే. నేతగాళ్ళకీ మగాళ్ళకీ కోడికూర, అరుగు మీద కబుర్లు. ఫలానా ఏడు నేసినప్పుడు దొరబాబు పుట్టాడని, ఫలానా ఏడు నేసినప్పుడు గేదె ఈనిందని, ఆ ఇంట్లో కాలమంతా పాక నేతలతోనే చెప్పుకుంటారు. మెరక పోసిన రోజుకి కోడి లేదు, కబురూ లేదు. చద్దన్నం తిని నడుం వాల్చితే, "పొద్దున్నుంచీ ఏం చేసేరే, పొయ్యింకా ఎలిగించలేదు" అన్న మాట ఒకటి.

"మరి స్లాబిల్లు ఎక్కడేద్దామంటారండి?" మేస్త్రి అడిగాడు.

"రేవు పక్కన. పడవలో వచ్చిన ఇసకా సిమెంటూ దింపిన చోటే వాడుకోవచ్చు."

"అక్కడ పల్లం కదండి. బోల్డు మట్టి పట్టుద్ది."

"ఈ దిబ్బంతా మట్టేగా? పాక పీకేసి దీన్ని తవ్వి అక్కడ పోసేద్దాం."

"ఆయ్. బాగుంటాదండి."

దుర్గ చేతిలో పార ఆగిపోయింది. దిబ్బట. ఎవరో తెచ్చి పడేసినట్టు, దానంతటదే మొలిచినట్టు. కూతురు కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో ఇలాగే తట్ట మోస్తుంటే, మావగారు వెంకటస్వామి మంచం మీంచి "ఆడాళ్ళకి పొద్దుపోవాలి కదా" అన్నాడు. మొన్న ఎవరో అడిగారు, మీ ఆవిడ ఏం చేస్తుందండీ అని. "ఏం చేత్తాదండి, ఇంటికాడే ఉంటాది" అన్నాడు దొరబాబు. నిజమే, ఇంటిదగ్గరే ఉంది. ఇంటి కాళ్ళ కింద ఉంది. అన్నేళ్ళ నడుంనొప్పి, వీరమ్మ వంగిపోయిన వెన్ను, తను చూడనైనా చూడని ముత్యాలు ఒంటి చెమట, అన్నీ ఈ మట్టిలోనే ఉన్నాయి. దానిమీద పార వేస్తామంటే ఒక్క మాటైనా అడగాలని ఎవరికీ తోచలేదు. దుర్గకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

వెనకాల పొయ్యి దగ్గర ఉన్న వీరమ్మకి వెళ్ళి చెప్పింది.

"ఊరుకోమ్మా. ఇల్లు కడతానంటన్నాడు కదా," అంది వీరమ్మ. పొయ్యిలోకి ఓ పుల్ల ఎగదోసింది. "మా అత్తగారు పోయే ముందురోజు కూడా ఓ తట్ట పోసింది. లేవలేక, పాక్కుంటా ఎళ్ళి పోసింది. అదీ తవ్వేత్తారా?"

దుర్గ వెనక్కి తిరిగింది. బురద చేతులతోనే బయటికి నడిచింది.

"ఏవండీ, మెరక తవ్వడానికి లేదు."

దొరబాబు మేస్త్రి వంక చూసి నవ్వాడు. "మట్టి కోసం గొడవేంటే?"

"మీ తాతగారు కట్టింది పాకండి. పాక మీది. ఆకు, వాసాలు, స్తంభాలు, అన్నీ విప్పుకుని రేవు దగ్గరికి పట్టుకెళ్ళండి, నేనడ్డం రాను. మెరక మాది. మేం పోసేం. దీని మీద పార పడితే ముందు నా కాళ్ళ మీద పడాలి."

గొంతు పెంచలేదు. మేస్త్రి టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. వీరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కోడలి పక్కన నిలబడింది. మగాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఆవిడ అలా ఎదురుగా వచ్చి నిలబడటం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. చెట్టు కింద మంచం మీదున్న వెంకటస్వామి లేచి కూర్చున్నాడు. పెళ్ళాన్ని చూశాడు, కోడలి చేతుల బురద చూశాడు.

"ఆళ్ళు పోసిందేరా," అన్నాడు చివరికి, కొడుకు మొహం చూడకుండా. "మా అమ్మ మట్టి పోత్తంటే నేను చూసేను. చెప్పలేదు, అంతే."

దొరబాబు తల తిప్పుకున్నాడు. రేవు వైపు చూశాడు. అక్కడ పల్లంలో వరద నీళ్ళింకా నిలబడే ఉన్నాయి. మెరక వైపు చూశాడు. ఇన్నేళ్ళూ దాని మీదే పడుకుని లేచినవాడు, మొదటిసారి దాని ఎత్తు చూస్తున్నాడు.

"అయితే ఇక్కడే కడదాం," అన్నాడు. దుర్గ వైపు తిరిగి, "గుమ్మం ఎటు పెట్టమంటావ్?" అని అడిగాడు. పెళ్ళయ్యాక ఆయన పెళ్ళాన్ని అలాంటిది అడగడం అదే మొదలు.

"అత్తయ్యగారినడగండి. నాకన్నా ముందునుంచీ మోసింది ఆవిడ."

అందరూ వీరమ్మ వైపు తిరిగారు. ఆవిడ కంగారుపడింది. కొంగు సర్దుకుంది. గోదారి వైపు చూసింది.

"గుమ్మం మీ ఇష్టం," అంది. "వంటింటి ఎనకాల, గోదారేపు, ఓ అరుగెయ్యండి. మేం కూచుంటాం."

"ఎంత పొడుగెయ్యమంటారండి?" మేస్త్రి మళ్ళీ టేపు తీశాడు.

"ముగ్గురు కూచునేంత," అంది వీరమ్మ, అత్తగారు ఆఖరి తట్ట పోసిన వైపు చూస్తూ.