గోడ వదులు చేసిన దీవెన

పొద్దున్నే కుక్కరు ఎక్కించి, మూడో విజిల్ వచ్చేలోగా దీవెన ఒక జాకెట్టు చేతులు కుట్టేసేది. మిషను పొయ్యికీ ఫ్రిజ్జుకీ మధ్యన ఉండేది. అందుకే గుణదలలో సగంమంది ఆడవాళ్ళు నడిచెళ్తుంటే తాలింపు వాసనొచ్చేది.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండల్లో కాన్వెంటు సిస్టరుగారు అరవై తెల్లగౌన్లు కుట్టిస్తానన్నారు.

"విడిగా గదుండాలమ్మా. సోమవారం వచ్చి చూస్తా. పసుపు మరక పడితే ఊరుకోను."

దీవెన అట్టమీద సుద్దతో గది గీసింది. ఎడంవైపు కిటికీ, నడుం వంచక్కర్లేని ఎత్తులో కత్తిరింపు బల్ల, గౌన్లకి గోడనిండా కొక్కేలు. భర్త జయపాల్ చూశాడు.

"మిషనుకి గదేంటే? దానికేమన్నా పెళ్ళా? ఉన్న ఒక్క గదీ తిరనాళ్ళకొచ్చే చుట్టాలది."

మేరీమాత తిరనాళ్ళు మూడు రోజులు. మిగతా మూడొందల అరవై రెండు రోజులూ ఆ గదిలో పరుపొకటి పడుకుని ఉండేది. ఆ ఇంట్లో పగటినిద్ర హక్కు దానికొక్కదానికే ఉంది.

అత్త తెరేసమ్మ చింతపండు పిక్కలు తీస్తూ అంది:

"ఈ ఇల్లు కట్టింది శౌరయ్యేగా?"

శౌరయ్య మేస్త్రీ దర్జీ కొడుకు. రేపు ఒళ్ళొస్తే ఎలాగని జాకెట్టు లోపల గుడ్డ వదిలినట్టు, ప్రతి గోడలోనూ ఇంత గోడ మడిచి వదిలేవాడు. భవానీపురంలో ఆయన కట్టిన ఇళ్ళవాళ్ళు కోడళ్ళొచ్చినప్పుడల్లా విప్పుకుంటూనే ఉన్నారు.

"నా జాకెట్లు ఏటా వదులు చేస్తావు. గోడ చెయ్యలేవుటే?"

ఆదివారం పూజ నుంచి రాగానే, బియ్యం బస్తా తప్ప మనిషి పట్టని సామాన్ల కొట్లో దీవెన మూలకుట్లు బ్లేడుతో విప్పింది. గోడ బద్ధకంగా ఏడడుగులు జరిగింది. మడతలో ఉన్నంతమేరా గృహప్రవేశం నాటి నీలం సున్నం వెలవకుండా మెరుస్తోంది.

"నా స్కూటరు!" అని పెరట్లోంచి జయపాల్ కేకేశాడు.

"వీధిలో బోలెడు చోటుందండీ."

సోమవారం సిస్టరుగారు వచ్చి, బల్లమీద వేలితో రాసి, ఆ వేలు వాసన చూసి, తానులు దింపించారు.

సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి జయపాల్ హాల్లోంచి కాఫీ అని మూడుసార్లు అరిచాడు. మిషను చప్పుడే వినిపించింది. చివరికి లేచొచ్చి, మూసున్న తలుపుమీద వేలితో కొట్టాడు.

"దీవెనా, లోపలికి రావచ్చా?"

పదకొండేళ్ళ కాపురంలో ఆ మనిషి తలుపు కొట్టడం అదే మొదలు. నోట్లో గుండుసూదులుండటంతో దీవెన వెంటనే బదులివ్వలేదు. సూదులు తీశాక కూడా, చేతిలో గౌను అంచు పూర్తయ్యేదాకా ఇవ్వలేదు.