రెండో పంజరం మేత

మా ఆయన ఓడ్వార్‌కి మొండితనం ఎక్కువ, నాకు నోరు ఎక్కువ. ఈ రెండిటి పుణ్యమా అనే ఈ దీవిలో సొంత సాల్మన్ పంజరాలు, సముద్రంలో వలలు దించి చేపలు పెంచేవి, మాకింకా మిగిలాయి. చుట్టూ ఫ్యోర్డ్, ఈ కొండల మధ్య సముద్రపు పాయ, అంతా పెద్ద కంపెనీదే.

ఈ వేసవిలో చేపలకి పేలు పట్టాయి. శుక్రవారంలోగా పేలు దిగకపోతే రెండు పంజరాలూ ఖాళీ చేసి కోతకి పంపాలని తనిఖీవాళ్ళు కబురు పెట్టారు. మొదటి పంజరం చేపలు ఎలాగూ కోతకొచ్చినవే. రెండోదాంట్లోవి ఇంకా ఎదగాలి. అవి పోతే లైసెన్సు కంపెనీ చేతిలో పెట్టి దీవి దిగిపోవడమే మా గతి.

శుక్రవారం పొద్దున్నే వేడినీళ్ళ పడవ వచ్చింది. అది చేపల్ని గొట్టంతో లాగి వెచ్చటి నీళ్ళలో ముంచి అవతల వదులుతుంది. మనకి వెచ్చన, వాటికి మంట. పేలు రాలిపోతాయి, గుండె గట్టిగా ఉన్న చేప బతుకుతుంది.

ముందు కొన్నిటిని ముంచి చూడటం పద్ధతి. పడవ మీదున్న చేపల డాక్టరమ్మ ఇంగున్, "దేంట్లోంచి తియ్యమంటారు?" అంది. మా ఆయన మొదటి పంజరం చూపించాడు. అవి ఇటు మునిగి అటు చెంగున దూకాయి. "భలే చేపలండీ మీవి" అని ఆవిడ రెండోదానికీ సరేనంది. గొట్టం అటు తిప్పారు.

అప్పుడు తట్టింది నాకు. కోతకి ముందు కొన్నాళ్ళు చేపనూనె మేత వేస్తాం, కొనేవాళ్ళు కోరే కొవ్వు మాంసంలో ఉండాలని. మొదటి పంజరం తింటున్నది అదే. రెండోదానికి మొదట్నుంచీ గింజల నూనె మేతే. చేపనూనెకి కరువొచ్చి, మేత మిల్లువాళ్ళు అందులో రేప్‌సీడ్ అనే ఆవాల్లాంటి గింజల నూనె పెంచుకుంటూ పోయారు. ఆ మేత తిని ఇవి లావెక్కాయి గానీ కష్టానికి ఆగవు. వసంతంలో వల మార్చినందుకే ఎన్ని చచ్చాయో నేనే ఏరాను.

పరిగెత్తాను. "ఓడ్వార్, పంపు ఆపించు. తప్పు పంజరంతో చూశాం. ఇవి చేపనూనె మొహం ఎరగవు."

"తెలుసు" అన్నాడు మెల్లిగా.

"తెలిసే చూపించావా?"

"మరేం చెయ్యమంటావ్? నిజం చెప్తే ఆవిడ ఒప్పుకోదు. రేపు అన్నీ కోతకే. సగం బతికినా మనం ఇక్కడే ఉంటాం. ఈ ఒక్కసారికి నోరు మూసుకో, నీకు దణ్ణం పెడతా."

పెళ్ళయినప్పట్నుంచీ ఆ మనిషి నన్ను దేనికీ బతిమాలలేదు. భయమేసింది నాకు. మూసుకున్నాను.

అవతల గొట్టంలోంచి వచ్చిన మొదటి చేపలు ఈదుకుంటూ పోయాయి. ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. తర్వాతవి పక్కకి ఒరిగి గుండ్రంగా తిరిగాయి. ఆ తర్వాత అన్నీ తెల్లటి పొట్టలే. "వెనక గట్టివి ఉన్నాయి, ఇంకాస్త చూద్దాం" అని ఓడ్వార్ గొణుగుతూనే ఉన్నాడు.

ఇక నా వల్ల కాలేదు.

"ఇంగున్, ఆపండి. వీటి మేత వేరు. మీకు చెప్పకుండా దాచాం."

ఆవిడ చెయ్యెత్తింది. పంపు ఆగింది. మా ఆయన వైపోసారి చూసి, తనిఖీవాళ్ళకి చెప్పడానికి ఫోన్ తీసుకుని పక్కకి వెళ్ళింది. పంజరంలో మిగిలినవి అడుగున తిరుగుతున్నాయి.

"వాటిని కాపాడాననుకుంటున్నావా సిగ్రున్?" అన్నాడు ఓడ్వార్. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. "రేపు కోత పడవ వస్తుంది. అవీ పోతాయి, మనమూ పోతాం."

"పోదాం. ఇలా ఉడికి చావడం మాత్రం నేను చూడలేను."

చచ్చినవాటిని ఆ రోజే ఎత్తెయ్యాలి. చెరో చేతివల తీసుకున్నాం. నేను వంగి తోడుతుంటే పక్కన ఆయన వల కదలడం ఆగింది. ఒకదానికి మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. ఓడ్వార్ పంజరం అంచున నడిచే చెక్క మీద బోర్లా పడుకుని, దాన్ని రెండు చేతులా నీళ్ళలో నిలబెట్టి, ఊపిరందేలా ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు.

కాసేపటికి మొప్పలు ఆగిపోయాయి.

"వదిలెయ్యి ఓడ్వార్, పోయింది" అన్నాను.

వినలేదు. ఆడిస్తూనే ఉన్నాడు.