మామగారి పేరు

పెరట్లో రాతిగోడ మీద అత్తగారి దుప్పట్లు ఆరేస్తున్న లినేయోకు వెనకనుంచి మొగుడు త్సెలిసో గొంతు వినిపించింది. “ఉద్యోగం మానెయ్. అమ్మని చూసుకోవాలి కదా. ఏడాదిన్నరేగా!”

ఉప్పు అందించమన్నంత తేలిగ్గా అనేశాడు.

అత్తగారు మాత్సెలిసోకు వచ్చింది మామూలు మందులకు లొంగని క్షయ. దానికిప్పుడు సూదులతో పనిలేకుండా ఆరు నెలల్లో ముగిసే మాత్రలు వచ్చాయి. లెసోతో దేశపు కొండల్లోని ఆసుపత్రులన్నీ తిరిగి, ఏడాదిన్నర సాగే పాత సూదుల వైద్యం వదిలి ఈ మాత్రలకు మారేలా నర్సులకు దగ్గరుండి నేర్పడమే లినేయో ఉద్యోగం. ఊళ్లన్నిటినీ ఒప్పించింది గానీ ఇంట్లో ముసలావిడ దగ్గర మాత్రం ఆమె పప్పులుడకలేదు. “ఇంత పెద్ద రోగానికి అంత చిన్న వైద్యమా? ఆయనకిచ్చిందే నాకూ ఇప్పించు” అని మొండిపట్టు. ఈ రోజే మందు మొదలుపెట్టాలి.

ఆయనంటే మామగారు. గనుల్లోంచి ఇదే జబ్బుతో తిరిగొచ్చాడు. రోజూ సూది, గుప్పెడు మాత్రలు. ఆ సూదుల వల్ల చెవులు వినిపించకుండా పోయాయి. చివరికి విసిగి, మాత్రలు బూడిదకుప్పలో పారబోసి, వానాకాలం రాకముందే పోయాడు. మామగారి పేరు కోడలు పలకకూడదు. ఆయన పోయాక కూడా అంతే. అందుకే నర్సులకు చెప్పేటప్పుడు కూడా లినేయో “మా ఊళ్లో ఒక గని కూలీ” అని దాటేసేది.

లినేయోను లోపల తొలిచేది మరొకటి ఉంది. ఆరు నెలలని తను ఇంత గట్టిగా చెబుతున్నది అత్తగారి కోసమా, తన కోసమా? ఏడాదిన్నర అంటే ఎవరి ఏడాదిన్నర? గంజి కాచేదెవరు, వాంతులు ఎత్తేదెవరు, మంచు కురిసే పొద్దున నీళ్లు మోసేదెవరు? మందు ఖరీదు గురించి పై అధికారులు గంటలకొద్దీ మాట్లాడతారు, ఈ ఊడిగం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అలా అనుకోగానే సిగ్గేసింది. మంచి కోడలికి ఇలాంటి ఆలోచన రాకూడదట.

“నీ మాత్రలకి సాక్ష్యం ఏదే?” పెరటి గుమ్మం ముందు ఎండలో కూర్చున్న మాత్సెలిసో దగ్గుతూ అడిగింది. “పాత మందు చెడ్డదని ఎవరు చెప్పారు?”

“మోలెఫె చెప్పాడు” అంది లినేయో.

త్సెలిసో ఉలిక్కిపడ్డాడు. “నోరు జారుతున్నావ్! మా నాన్న పేరు...”

“జారలేదు. తెలిసే అన్నాను. మోలెఫె చెవులు పోగొట్టుకుని, మాత్రలు బూడిదలో పోసి మరీ చెప్పాడు. మనమే వినిపించుకోలేదు. అత్తమ్మా, ఆయనకి మీరు ఎలా సేవ చేశారో కళ్లారా చూశాను. అలా చేయడం నావల్ల కాదు. ఆరు నెలలు సంతోషంగా చేస్తాను. అవును, ఇది నా కోసం కూడా అడుగుతున్నాను.”

ఈ ఇంట్లో ఇక తనకు చోటుండదని లినేయో అనుకుంది.

“ఆయన కన్నుమూసే ముందు చివరిమాట చెబుదామని గొంతు చించుకుని అరిచానే” అంది మాత్సెలిసో. “ఊరంతా విన్నారు, ఆయనకి తప్ప.” నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. “ఆయన పేరు విని ఎన్నాళ్లయిందో. మళ్లీ ఒకసారి అను.”

“మోలెఫె.”

ముసలావిడ చెయ్యి చాపింది. లినేయో పోసిన మాత్రలు ఒక్కొక్కటీ మింగి మొహం వికారంగా పెట్టింది. ఆపైన కొడుకువైపు తిరిగింది. “ఒరేయ్, పిల్ల కొండమీది ఆసుపత్రికి వెళ్లాలి. నువ్వొచ్చి పొయ్యి రాజెయ్యి.”

“నేనా?”

“పొయ్యికి ఆడామగా తెలుస్తుందేంట్రా?”

లినేయో చెప్పులేసుకుని బండి దారి పట్టింది. ఇన్నాళ్లూ ఆ దారిన ఇంట్లోంచి తప్పించుకుని పారిపోతున్నదానిలా నడిచింది. ఆ రోజు పనికి వెళ్తున్న మనిషిలా నడిచింది.