గొట్టంలో దిగేంత మెత్తగా

నేను ఒక మిక్సీని. మూడు జార్లు, తెల్లటి ఒళ్ళు. తెలుపని పెట్టె మీద రాసి ఉండేది గానీ ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. కోయంబత్తూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. నా లోపలి రాగి తీగ చుట్టిన అమ్మాయికి ఆ రోజు తలనొప్పి. చుట్టినంతసేపూ ఆవులిస్తూనే ఉంది. ఆ అలసట నాకు అప్పుడే అంటుకుందేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పుట్టిన రెండేళ్ళదాకా నేను తిరగనేలేదు. మీ మనుషులకు నన్ను కొనిచ్చే సరదా ఉన్నంతగా వాడే సరదా ఉండదు. అనకాపల్లిలో ఒక పెళ్ళికి బహుమతిగా వెళ్ళాను. ఆ ఇంట్లో అప్పటికే మాలాంటివాళ్ళం నలుగురం పోగయ్యాం. పై కాగితం మార్చి నన్నొక గృహప్రవేశానికి పంపారు. వాళ్ళు ఇంకో రంగు కాగితం చుట్టి ఒక రిటైర్మెంటు సభకు పట్టుకెళ్ళారు. మూడు శుభకార్యాలకు వెళ్ళి ఒక్కదాన్నీ కళ్ళారా చూడలేదు. చివరికి పెట్టె విప్పింది జ్ఞానసుందరమ్మ గారు.

ఆవిడ విశాఖపట్నంలో ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు లేరు. భర్త ప్రభుదాసు గారు డ్రాయింగు మాస్టారు. ఆవిడ ఉద్యోగం దిగిన నాలుగో నెలలో ఆయన గొంతులో క్యాన్సరు బయటపడింది. ముందు చపాతీ మానేశారు, తర్వాత అన్నం, తర్వాత ఇడ్లీ. అక్కణ్ణుంచి అంతా నేనే. ఏడు నెలలపాటు పప్పూ, కోడిగుడ్డూ, ఆపిలుపండూ, ఆయన పుట్టినరోజు నాడు పాలు పోసి కేకు ముక్కా కూడా నాలోనే తిరిగాయి. ఎనిమిదో నెలలో నాకు పని లేకుండా పోయింది. సుందరమ్మ గారు నన్ను శుభ్రంగా తుడిచి అటక మీద పెట్టి, ఏడాది పాటు అటువైపు చూడలేదు.

ఒకరోజు, మిగిలిపోయిన బలం పొడి డబ్బాలు ఎవరికైనా పనికొస్తాయని ఆయనకి వైద్యం చేసిన క్యాన్సరు ఆసుపత్రికి వెళ్ళింది. గేటు దగ్గర ఎవరో పుట్టినరోజని పులిహోర పొట్లాలు పంచుతూ ఫొటోలు తీసుకుంటున్నారట. వరసలో ఉన్నవాళ్ళలో సగంమంది నోటి క్యాన్సరు రోగుల తాలూకు మనుషులు. నోట్లో పుండున్నవాళ్ళకు చింతపండూ పచ్చిమిరపకాయా. ఒకామె పొట్లం పట్టుకుని మెతుకులు నీళ్ళలో కడుగుతోందట, కారం పోతుందేమోనని. ఆపరేషనూ మందులూ సర్కారు కార్డు మీద వస్తాయి. ఆ మందులు తట్టుకోవడానికి కడుపులో పడాల్సిన కూడు మాత్రం ఏ కార్డు మీదా రాదు.

ఆ సాయంత్రమే ఆవిడ నన్ను అటక దించింది.

ఆసుపత్రి వెనక సందులో ఒక షట్టరు గది తీసుకుంది. రెండు గ్యాసు పొయ్యిలు, కుక్కర్లు, నేను. బియ్యం, పెసరపప్పు, గుడ్లు, పాలు, రాగిపిండి, నూనె ఆవిడ సమకూరుస్తుంది. కొంత తన పింఛను, కొంత పాత హాస్టలు పిల్లలు పంపేది. రోగుల తాలూకు వాళ్ళు వచ్చి తమవాళ్ళకు కావలసింది వండుకుని, నాలో వేసి, గొట్టంలో దిగేంత మెత్తగా రుబ్బి, వడకట్టి తీసుకెళతారు. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టం అది. అందులో చిన్న పలుకు అడ్డుపడినా పెద్ద గొడవే. అలా నాలుగేళ్ళు. రెండుసార్లు నా మోటారు కాలింది, రెండుసార్లూ తీగ మార్పించింది. ఎవరి కోసం తిరుగుతున్నానో గుర్తుపెట్టుకోవడం నేను మొదటి ఏడాదిలోనే మానేశాను. నేను గుర్తుపెట్టుకున్నవాళ్ళు రావడం మానేసేవాళ్ళు. అయినా అసిరయ్య గుర్తుండిపోయాడు.

అసిరయ్యది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. వేట మనిషి, అరవై దాటాయి. భార్య తవిటమ్మకు పద్నాలుగో ఏట నుంచీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే. ఆ నిప్పు అంగిలిని తినేసింది. ఆపరేషను చేసి అంగిలి సగం తీసేశారు. ముక్కుకి గొట్టం వేశారు. ఇక ముప్ఫై మూడు రోజులు రేడియేషను. దాన్ని అక్కడందరూ కరెంటు అంటారు. డాక్టరు అసిరయ్యకు ఒకే మాట చెప్పాడు: మనిషి ముప్ఫై అయిదు కిలోల కిందకి దిగితే కరెంటు ఆపేస్తాం, ఆపితే ఇంతవరకూ చేసినదంతా దండగ.

కరెంటు మొదలైన వారానికి అతను వచ్చాడు. ఆ రోజు లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి, లోపల వంట చేస్తున్న ఆడవాళ్ళని చూసి తల దించుకున్నాడు.

"ఏం కావాలి బాబూ?" అంది సుందరమ్మ గారు.

"గంజి కావాల, అమ్మగోరూ. మీరు కాసీసి ఇస్తే అట్టుకుపోతాను."

"ఇక్కడ ఎవరిది వాళ్ళే వండుకోవాలి. నేర్పిస్తాను, రా."

"నానా? పుట్టి బుద్ధెరిగి పొయ్యి కాడికెళ్ళినోణ్ణి కాదమ్మా. నీళ్ళు గూడా అదే ముంచి ఇచ్చేది."

"అదిప్పుడు ముంచలేదుగా," అంది ఆవిడ. కఠినంగా అనలేదు. అలసటగా అంది.

నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనుకున్నాడు. నా మూత మీద చెయ్యి వెయ్యడానికి భయం. నేను గర్రుమనగానే ఉలిక్కిపడి మీట ఆపేసేవాడు. నాలుగో రోజు గుడ్డూ పప్పూ కలిపి సగం నలిగీ నలక్కుండా తీశాడు, వడకట్టలేదు. గొట్టం పూడుకుపోయింది. నర్సు దాన్ని పీకి కొత్తది ముక్కులోంచి దించుతుంటే తవిటమ్మ మంచం పట్టె పట్టుకుని ఏడ్చిందట. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. అతను గిన్నె తెస్తే చేత్తో తోసేసింది. ఇంటికి పోదామని సైగ చేసింది. భయపడి అతనూ గంజినీళ్ళే పోశాడు మూడు రోజులు. తూకం ముప్ఫై అయిదున్నరకు దిగింది.

అదే వారంలో, రోజూ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇద్దరు రావడం మానేశారు. వాళ్ళ మనుషులు పోయారు. సుందరమ్మ గారు రెండు శవాల వ్యానులనీ సాగనంపి, తిరిగొచ్చి, నా పక్కన గచ్చు మీద కూర్చుంది. గదిలో అసిరయ్య ఒక్కడే ఉన్నాడు.

"ఈ నెలాఖరుకు మూసేస్తాను అసిరయ్యా. నా వల్ల కాదు. రుబ్బి పోస్తాను, పోస్తాను, పోతారు."

అతను చేతిలో గిన్నె కింద పెట్టాడు. "మూసీండి అమ్మగోరూ. మీకూ ఓపికుండాల గదా. మాకింకా పద్దెనిమిది కరెంట్లున్నాయి. అయ్యేక మూసీండి."

సుందరమ్మ గారు నవ్వింది. ఆ గదిలో ఆవిడ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మర్నాడు ఆవిడకి జ్వరం వచ్చింది.

తాళం చెవి అసిరయ్య చేతికి వచ్చింది. ఆవిడ తనంతట ఇవ్వలేదు, చూడ్డానికి వెళితే మంచం పక్కన ఉంటే అడిగి తీసుకున్నాడు. ఆ వారం పదకొండుమంది రోగులు. కొందరి తాలూకు మనుషులకి వార్డు వదిలి రావడానికి వీలు కాదు, అలాంటివాళ్ళ వంటలు ఆవిడే చేసేది. ఇప్పుడతను మొదలుపెట్టాడు. పప్పు మాడ్చాడు. క్యారెట్లు లావుగా కోశాడు. అందరూ విసుక్కున్నారు. నేను వేడెక్కి కాలిన వాసన కొట్టాను. నన్ను ఆపి, తడిగుడ్డ పక్కన పెట్టి, వేలితో నా ఒళ్ళు తాకి చూసి, చల్లారాక మళ్ళీ తిప్పాడు. సన్నటి పంచె ముక్కతో ఒకటికి రెండుసార్లు వడకట్టాడు. వలలు అల్లిన వేళ్ళు కదా, గుడ్డలో మిగిలిన చిన్న పలుకు కూడా ఆ వేళ్ళకి తెలిసిపోయేది.

రెండో రోజు, వార్డులో పక్క మంచం ఆమె తవిటమ్మని మెల్లగా నడిపించుకుని వచ్చింది. "మీ ఆయన ఊరందరికీ వండుతున్నాడు, చూద్దువు గాని రా" అని. తవిటమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. ముక్కుకి గొట్టం, చెంప మీద ప్లాస్టరు, ఒంటి మీద ఎముకలు. నడుముకి తువ్వాలు చుట్టుకుని, చెమటలు కక్కుతూ క్యారెట్లు తరుగుతున్న మొగుణ్ణి చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో చూడని దృశ్యం.

కాసేపు చూసింది. ఇక చూడలేకపోయింది. లేచి వచ్చి, చేతిలోంచి కత్తి లాక్కుని, క్యారెట్టు ఎలా తరగాలో చూపించింది. పప్పు గిన్నె మూత తీసి వాసన చూసి, పొయ్యి మంట తగ్గించింది. అతను రాగిపిండి వేడినీళ్ళలో పోయబోతే చెయ్యి మీద ఒకటి కొట్టింది. మళ్ళీ స్టూలు మీద కూలబడింది. అతను రుబ్బిన జావ గిన్నెలో పోసి, భయపడుతూ దగ్గరికి తెచ్చాడు. ఈసారి ఆమె తొయ్యలేదు. సిరంజి తానే అందుకుని గొట్టానికి తగిలించి, పొయ్యమన్నట్టు గడ్డం ఎత్తింది.

అక్కణ్ణుంచి ఆమె కరెంటు అయ్యాక రోజూ వచ్చేది. వేలితో చూపించి మొగుడి చేత వంట చేయించేది. సుందరమ్మ గారు జ్వరం తగ్గి వచ్చేసరికి వంటిల్లు తన చేతిలో లేదని తెలిసింది. నెలాఖరు వచ్చింది, పోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ముప్ఫై మూడు కరెంట్లూ అయ్యాయి. తవిటమ్మ ముప్ఫై ఆరు కిలోల మీద నిలబడింది. కొన్నాళ్ళకు పుండు మానాక, పళ్ళ డాక్టరు అచ్చు తీసి అంగిలికి ఒక బిళ్ళ అమర్చాడు. గొట్టం తీసేశారు. మొదటి ముద్ద నోటితో తినాలి. అసిరయ్య ఆ రోజు నా దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. మెత్తటి అన్నం, పెసరపప్పు, చెంచా నెయ్యి, చిటికెడు ఉప్పు. అన్నీ నాలోనే పడ్డాయి, నాలోనే తిరిగాయి.

తవిటమ్మ చెంచా నోట్లో పెట్టుకుంది. చాలాసేపటికి మింగింది. అయిదు నెలల తర్వాత ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, ముక్కులోంచి వచ్చినా, అందరికీ అర్థమైంది.

"ఉప్పు నేదు."

కరెంటు పెట్టిన నాలుకకు రుచి తెలియడానికి నెలలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. కొందరికి అసలు తెలియదని కూడా. అసిరయ్య సుందరమ్మ గారి వైపు చూశాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగింది.

"మరిసిపోనానే," అన్నాడు అసిరయ్య. ఉప్పు డబ్బా తీశాడు. మూత తెరిచి, లోపల వేళ్ళు పెట్టి, ఖాళీ వేళ్ళు గిన్నె మీద విదిలించి, చెంచాతో బాగా కలిపాడు.

ఆమె రెండో ముద్ద తింది. మొగుడి మొహంలోకి చూసింది.

"ఇప్పుడు సరిపోయింది," అంది.

మర్నాడు పలాస బస్సెక్కారు. ఆ తర్వాత కబురు లేదు. వెళ్ళినవాళ్ళ కబుర్లు ఇక్కడికి రావు. మంచివైనా, చెడ్డవైనా.

ఆ చలికాలంలో నా మోటారు మూడోసారి కాలింది. ఇక తీగ చుట్టినా నిలవదని మెకానిక్కు తేల్చేశాడు. ఇప్పుడు గట్టు కింద ఉల్లిపాయల బుట్ట పక్కన ఉన్నాను. పైన నా చోట ఎర్రటి కొత్తది గర్రుమంటోంది. సుందరమ్మ గారు నన్ను ప్రేమకొద్దీ ఉంచుకుందని మీరు అనుకోవద్దు. పాత సామాన్లవాడి బండి సందు మొదట్లో ఆగుతుంది. అంతదూరం నన్ను మోసుకెళ్ళే ఓపిక ఆవిడకి లేదు. నాకూ తొందర లేదు.

గుమ్మం దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. ఇక్కణ్ణుంచి నాకు పాదాలే కనిపిస్తున్నాయి. చెప్పులు విప్పాలా వద్దా అని తచ్చాడుతున్న పాదాలు. సుందరమ్మ గారు గచ్చు మీద ఒక చెయ్యి ఆనించి, "ఉండమ్మా, వస్తున్నా" అంటూ మెల్లగా లేస్తోంది.